వెన్న శాతం

ఆ ఏడు చెరుకు గానుగలో మొదటి పెనం దించిన రోజు మా బావ బెల్లం నోట్లో వేసుకోలేదు.

మా ఇంట్లో దానికో పద్ధతి ఉంది. మొదటి పాకం పోశాక, అది గట్టిపడకముందే అరిటాకు ముక్క మీద కాస్త తీసి పొయ్యి దగ్గర పెడతారు. దండం పెట్టాక, పెనం చూసే మనిషి అందులోంచి ఇంత నోట్లో వేసుకుంటాడు. పాకం కుదిరిందో, ఇంకో పొంగు ఉంచాల్సిందో ఆయన చెప్పాలి. చెప్పాకే మిగతావాళ్లు చెయ్యి చాస్తారు. మామయ్య ఉన్నన్నాళ్లూ ఆయన చెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా మా బావ శివాజీ చెబుతున్నాడు. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకును చేసుకున్నాను. పెళ్లయ్యాక పిలుపు మార్చుకోలేదు.

ఆ రోజు బావ ఆకు మీది బెల్లాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. కుదిరింది, తినండి అన్నాడు. ఎవరూ కదల్లేదు. పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసే పరదేశి, మామయ్య కాలం నుంచీ మా దగ్గర పనిచేస్తున్నాడు. అతనే ముందు నోరు విప్పాడు.

"ముక్కుతో రుసి సూసే పెనం మనిషిని ఇప్పుడే సూస్తన్నాను బాబూ."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. వేళ్లకంటిన బెల్లాన్ని లుంగీకి తుడుచుకున్నాడు.

బావ అప్పటికి ఆరు నెలలుగా అన్నం తినడం లేదు. చీడికాడలో ఉండే దాసు బావగారు, అంటే మా బావకు పెదనాన్న కొడుకు, కీటో డైట్ చేసి పొట్ట కరిగించుకుని మా ఇంటికి వచ్చాడు. చొక్కా ఎత్తి చూపించాడు. అన్నం, పప్పు, పాలు, పంచదార ఏవీ ఉండకూడదు. గుడ్లు, మాంసం, ఆకుకూరలు, నిమ్మకాయ నీళ్లు. వాటితో పాటు రోజుకు డెబ్బై గ్రాముల కొవ్వు కడుపులో పడాలి. నెయ్యి అయినా సరే, కొబ్బరి నూనె అయినా సరే. బావకు అప్పటికి పదేళ్లుగా షుగరు. పూటకో బిళ్ల. తొంభై ఏడు కిలోల మనిషి చెరుకు తోటలో గట్టెక్కడానికి చెయ్యి ఇమ్మనేవాడు.

దసరాకు ఎనభై లోపుకు వచ్చాడు. షుగరు బిళ్లలు డాక్టరే ఆపేసింది. ఈ డైట్ చేసేవాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. చోడవరంలో కల్యాణ మండపం తీసుకుని ఆ గ్రూపు వాళ్లు సభ పెట్టి, బావను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మైకులో తన పాత నడుం కొలత, కొత్త నడుం కొలత చెప్పాడు. ఇంటికొచ్చాక శాలువా మడత విప్పి మళ్లీ మడత పెట్టాడు.

ఈ డైట్‌తో బావ కంటే సంతోషించిన మనిషి ఒకరున్నారు. అత్త. ఆమె పేరు అచ్చియ్యమ్మ. షుగరు వచ్చిందని తెలిసినప్పటి నుంచి నెయ్యి జాడీని నేను అటక మీదకు ఎక్కించాను. అత్తకు అటక అందదు. కొడుకు కంచంలో నెయ్యి వెయ్యని పదేళ్లు ఆమె ఏమీ అనలేదు కానీ, బావ తినేటప్పుడు వంటింట్లో ఉండేది కాదు. జాడీ కిందకు దిగిన రోజున దాసు బావగారు డెబ్బై గ్రాములు ఎంతో గ్లాసులో పోసి చూపించాడు. అత్త గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇంతేనేటి?"

ఆ రోజు నుంచి ఉదయం కవ్వం చప్పుడుతో లేచేవాళ్లం. మాకున్నది ఒక్క గేదె. దాని పాలలో వెన్న ఎక్కువ.

గానుగ మొదలైన వారానికి బావ అనకాపల్లిలో డాక్టర్ విశాలాక్షి గారి దగ్గరకు వెళ్లాడు. నన్నూ రమ్మన్నాడు. షుగరు ఎంతకు దిగిందో ఆవిడ నోటితో నేను వినాలని ఆయన కోరిక. ఆవిడ వినిపించింది కూడా. చాలా బాగా తగ్గించారు, బరువు ఇలాగే ఉంచుకోండి అంది. తరువాత రక్తపరీక్షలో రెండో కాగితం తిప్పి, చెడ్డ కొలెస్ట్రాల్ రెండు వందల నలభై ఎనిమిది ఉందని చెప్పింది. వందకు అటూ ఇటూ ఉండాల్సింది.

"మా గ్రూపులో అది పెరిగితే బయపడొద్దన్నారు మేడం" అన్నాడు బావ.

"మీ గ్రూపులో చాలామందికి పెరగకపోవచ్చు. కొందరి ఒంటికి ఇంత నెయ్యి పడదు. మీ నాన్నగారు ఉన్నారా?"

"యాభై ఒకటికి పోయేరు. గానుగ కాడే. గుండె."

ఆవిడ రాస్తున్నది ఆపింది. బావకు నలభై తొమ్మిది. ఆ సంగతి ఆవిడ ఎదుట కాగితం మీదే ఉంది.

అన్నం మానేసిన పద్ధతిని మొత్తం వదిలెయ్యమని ఆవిడ అనలేదు. నెయ్యి, వెన్న, కొబ్బరి నూనె ఆపమంది. వాటి బదులు వేరుశనగ నూనె, నువ్వుల నూనె, అవీ కొలతగా. మాంసం తగ్గించి చేపలు. కూరగాయలు ఇంకా ఎక్కువ. ఉదయం చిన్న గ్లాసుడు చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, షుగరు ఎలా ఉందో చూసుకోమంది. రాత్రికి ఒక బిళ్ల రాసింది. మళ్లీ పరీక్షకు ఆరేడు వారాల తరువాత రమ్మంది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో బావ టీ కొట్టు దగ్గర బండి ఆపాడు. తను తాగడు కనుక నాకొక్కదానికే చెప్పాడు. నేను తాగుతుండగా రిపోర్టు ఫొటో తీసి గ్రూపులో పెట్టి, దీనికి ఏం చెయ్యాలని అడిగాడు. నా గ్లాసు ఖాళీ అయ్యేలోపు బావనే గ్రూపులోంచి తీసేశారు. ఫోను రెండు మూడుసార్లు తిరగేసి చూశాడు. దాసు బావగారికి ఫోను చేస్తే, అలాంటివి గ్రూపులో పెడితే కొత్తవాళ్లు బెదిరిపోతారని చెప్పాడట.

బండి ఎక్కబోతూ అన్నాడు.

"నెయ్యి మానీమన్నారని అమ్మకి సెప్పకు."

ఎందుకని నేను అడగలేదు. మామయ్య పోయిన పదో రోజున చుట్టాల్లో ఒకావిడ అందరి మధ్యా అన్న మాట నేనూ విన్నాను. మొగుడికి నెయ్యి పోసి పోసి చంపుకుందని ఆమె అంది. అత్త ఆ తరువాత రెండేళ్లు కవ్వం ముట్టుకోలేదు. తన కంచంలో ఇప్పటికీ నెయ్యి వేసుకోదు.

కాబట్టి అబద్ధం చెప్పాం. గ్రూపు వాళ్లు పద్ధతి మార్చారనీ, ఇప్పుడందరూ గానుగ నూనెలే తింటున్నారనీ నేను చెప్పాను. ఇకనుంచి పాలు పాలకేంద్రంలో పోద్దామన్నాను. అత్త నన్ను చాలాసేపు చూసింది.

"నూనె తాగి మనిషి బతుకుతాడేటే గుంటా?" అంది. మరునాడు క్యాను పట్టుకుని తనే పాలకేంద్రానికి వెళ్లింది.

కేంద్రంలో ఝాన్సీ అనే అమ్మాయి పాలు మెషీన్లో పెట్టి వెన్న శాతం చూస్తుంది. అంకె ఎక్కువ వస్తే అందరికీ వినపడేలా చదువుతుంది. మాది ఎనిమిది వచ్చింది. వరుసలో ఉన్నవాళ్లు అత్త వైపు తిరిగారు. వారం తిరిగేసరికి ఆమె పొద్దున్నే చీర మార్చుకుని వెళ్లడం మొదలుపెట్టింది. నాకు కాస్త ఊపిరి ఆడింది.

బిళ్లల విషయంలో మాత్రం బావ మొండికేశాడు. బిళ్లలు మానేసినందుకు శాలువా కప్పించుకుని, మళ్లీ బిళ్ల మొదలుపెట్టానని ఏ మొహంతో చెప్పుకోనన్నాడు. ఎవరికి చెప్పుకోవాలని నేను అడిగాను. గ్రూపులోంచి ఎలాగూ తీసేశారు కదా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. బిళ్లల అట్ట టీవీ వెనక పెట్టాడు. నేను రోజూ దుమ్ము తుడుస్తూ అది కదిలిందో లేదో చూసేదాన్ని.

గానుగ రోజుల్లో మగవాళ్లకు మధ్యాహ్నం భోజనం తోటకే వెళ్లాలి. వేరుశనగ నూనెలో చేప వేయించి, బీరకాయో తోటకూరో వండి, క్యారేజీ సర్దేదాన్ని. మోకాళ్లు నొప్పులంటూనే అత్త తీసుకెళ్లేది. నేను వెళతానంటే వద్దనేది. కొడుకు తింటుంటే పక్కన కూర్చునే పదేళ్ల బాకీ తీర్చుకుంటోందని అనుకున్నాను.

పుష్యం వెళ్లాక రెండో పరీక్ష చేయించాం. రెండు వందల నలభై ఒకటి.

డాక్టర్ గారు ఏమేమి తింటున్నారని అడిగింది. బావ చెప్పాడు. నేను వండినవన్నీ వరుసగా, తప్పు లేకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ కిటికీ వైపు చూశాడు. బిళ్ల వేసుకోలేదని ఒప్పుకున్నాడు. బిళ్ల వెయ్యకపోయినా, నెయ్యి ఆపితే ఇంతకంటే దిగాలి కదా అంది ఆవిడ. ఆ మాట నన్ను చూస్తూ అంది. వంట చేసేది నేను. దారి పొడుగునా వంటింట్లో ఉన్న ఒక్కొక్క డబ్బా తలుచుకున్నాను.

రెండు రోజుల తరువాత పరదేశి కోడలు పురుడుకు వెళ్లడంతో గానుగలో ఒక మనిషి తగ్గింది. నేను వెళ్లాను. అత్త అప్పటికే క్యారేజీతో వచ్చి పాక మధ్య నిట్టాడు స్తంభం దగ్గర కూర్చుని ఉంది. బావ గరిట పట్టుకుని పెనం దగ్గర ఉన్నాడు. మంట ఎక్కువైంది. రసం ఒక్కసారిగా నురగెత్తి అంచు దాకా వచ్చింది. ఇలా పొంగినప్పుడు కాస్త నూనె చిలకరిస్తే నురుగు అణుగుతుంది. దానికోసం గుంజకు ఒక ముంత వేలాడదీసి ఉంటుంది. పరదేశి దాన్ని అందుకున్నాడు. అందులో నూనె అయిపోయింది. నిట్టాడు వెనక గుడ్డ కట్టిన ముంత ఇంకొకటి కనపడితే దాన్ని లాగి, గుడ్డ ఊడదీసి, ఒక గరిటెడు పెనంలో వేశాడు.

నురుగు దిగింది. పాక అంతా నెయ్యి వాసన.

పరదేశి ముంత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏదో అనబోయి, అత్త మొహం చూసి ఆగిపోయాడు.

నేను అత్త దగ్గరకు వెళ్లాను. క్యారేజీ మూత తెరిచి ఉంది. తోటకూర మీద నెయ్యి పేరుకుని ఉంది. పాలు కేంద్రానికి వెళ్లే ముందు రోజూ ఒక గ్లాసుడు తీసి తోడుపెట్టుకుంటోందని, పొరుగింట్లో చిలికి కాచుకుంటోందని తరువాత తెలిసింది.

"నానే ఏసేను" అంది అత్త, నేను అడక్కముందే. "ఆడికి అన్నం లేదు, మజ్జిగ లేదు. ఉన్న ఒక్కటీ నువ్వు తీసీసేవు. రోజంతా ఈ మంట కాడ నిలబడే మనిషికి నూనెలు పోస్తావేటే?"

నేను బావ వైపు తిరిగాను.

"నీకు తెలుసు కదా బావా. రోజూ తింటన్నావు. డాక్టరమ్మ కాడ కూడా సెప్పలేదు."

బావ గరిట తిప్పడం ఆపలేదు.

"అమ్మ ఏస్తంటే ఒద్దని ఎలగ సెప్పను? ఎందుకురా అని అడుగుద్ది కదా."

అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎందుకు అని ఇప్పుడు అడిగింది. బావ పెనం మీదకు వంగాడు. చివరికి నేనే చెప్పాను.

"నెయ్యి ఒద్దంది అత్తా డాక్టరమ్మ. రక్తంలో కొవ్వు పెరిగిపోయింది. గుండెకి మంచిది కాదంది."

"మీ మావయ్యకి వచ్చిందే?"

"ఇంకా రాలేదు. రాకుండా సూసుకోమంది."

అత్త లేచింది. పరదేశి చేతిలోంచి ముంత తీసుకుంది. పెనం దగ్గరకు వెళ్లి అందులో ఉన్న నెయ్యంతా పాకంలో వంచేసింది. ఆఖరి చుక్క దాకా ముంతను అలాగే పట్టుకుంది.

"దేనికో దానికి పనికొచ్చింది" అంది. తరువాత క్యారేజీలో ఆ కూర గిన్నె తీసి పక్కన పెట్టి, చేప ముక్క ఉన్న గిన్నె కొడుకు ముందుకు జరిపింది.

ఆ పెనం బెల్లాన్ని అమ్మకానికి పంపలేదు. పనిలో ఉన్నవాళ్లు తలో ముక్కా పట్టుకెళ్లారు. పరదేశి మనవలు తిని, మాడుగుల హల్వాలా ఉందనీ, మళ్లీ ఎప్పుడు వండుతారనీ అడిగారట.

ఆ సాయంత్రం అత్త గుమ్మంలో కూర్చుని బీరకాయలు చెక్కు తీసింది. ఎక్కువే తీసింది. నేను పక్కన కూర్చున్నాను.

"మీ మావయ్యకి నానే పెట్టేను కదే. పదో రోజున ఆయమ్మ అన్నది నిజమే."

డాక్టర్ గారు చెప్పినంతవరకు నాకు తెలిసింది చెప్పాను. కొందరి ఒళ్లే అంత, అది పుట్టుకతో వస్తుంది. ఆ రోజుల్లో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. నెయ్యి ఒక్కటే కాదు, మామయ్య రోజుకు ఎన్ని చుట్టలు కాల్చేవాడో అందరికీ తెలుసు.

"ఆ సుట్ట కూడా నానే ఎలిగించి ఇచ్చేదాన్ని" అంది అత్త.

ఇద్దరం బీరకాయలు చెక్కాం. కాసేపటికి ఆమె లోపలికి వెళ్లింది. టీవీ కదిలిన చప్పుడయింది. బిళ్లల అట్ట పట్టుకుని వచ్చింది. అది అక్కడ ఉందని ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు.

"ఇది ఏ పూటదే?"

"రాత్రి భోజనం అయ్యేక."

ఆ రాత్రి బావ తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అత్త పీట మీద కూర్చుని ఉంది. చెయ్యి పట్టమంది. నలభై ఏళ్ల కిందట అన్నం మొదటి ముద్దలో నెయ్యి వేసేటప్పుడు కూడా అలాగే చెయ్యి పట్టమనేదట. అరచేతిలో బిళ్ల పెట్టింది. బావ శాలువా సంగతి ఎత్తలేదు. వేసుకుని నీళ్లు తాగాడు. నోరు తెరిచి చూపించమంది. చూపించాడు.

ఆ తరువాత అంబలి కూడా ఆమే కాచింది. మొదట గ్లాసు నిండా పోసింది. మిషనులో షుగరు చూసుకుని బావ గొణిగితే, సగానికి తగ్గించింది. చేపల కోసం దేవరాపల్లి వైపు నుంచి బండి మీద వచ్చే మనిషితో బేరం ఆడింది. రైవాడ డ్యాము చేప అని చెప్పి ఇంకే చెరువుదో ఇస్తున్నాడని అతనితో రోజూ తగువు. కేంద్రానికి పాలు మొత్తం వెళ్లాయి. దాసు బావగారు ఒకసారి వచ్చి, నెయ్యి మానేస్తే ప్రోగ్రాం ప్రోగ్రాం కాదన్నాడు.

"నీది నువ్వు ఎప్పుడు పరీచ్చ సేయించేవురా?" అంది అత్త.

చేయించలేదని అన్నాడు. ఆమె అనకాపల్లి ఆస్పత్రికి ఏ బస్సు ఎక్కాలో చెప్పింది. అతను కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు. పాలు వేసిన కాఫీ అతనూ తాగడు.

ఉగాది దగ్గరపడింది. తోటలో చెరుకు ఆఖరి మడికి వచ్చింది. మూడో పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాం. మరునాడు పొద్దున్న రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. బావ అప్పటికే గానుగకు వెళ్లిపోయాడు. నేను చూసి, ఇంకోసారి చూసి, చెప్పులు వేసుకుని పాలకేంద్రానికి నడిచాను. ముందు అత్తకే చెప్పాలనిపించింది.

అత్త వరుసలో ముందు ఉంది. ఝాన్సీ మెషీన్ చూసి ఎనిమిదిన్నర అని గట్టిగా చదివింది. నన్ను చూడగానే అత్త క్యాను కింద పెట్టింది.

"ఎంతొచ్చింది?"

"నూట ఇరవై నాలుగు."

"ముందటిసారి?"

"రెండొందల నలభై ఒకటి."

ఆమె పెదవులు కదిలించి లెక్క చూసుకుంది. వెనక ఉన్నావిడకు మా మాటలు అర్థం కాలేదు.

"నూట ఇరవై నాలుగేటి అచ్చియ్యమ్మా? ఏ గేదెది?"

"మా ఇంట్లో దున్నపోతుది" అంది అత్త.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకా ఎంత తగ్గాలని అడిగింది. వంద లోపుకు రావాలన్నారని, బిళ్ల ఆపకూడదన్నారని చెప్పాను. తల ఊపింది. కాస్త దూరం నడిచాక క్యాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మీ మావయ్యకి అప్పుడు సూసుంటే ఎంతొచ్చుండునో."

ఇంటి మలుపు దగ్గర ఇంటికి తిరగలేదు. క్యాను నా చేతికిచ్చి తోట దారి పట్టింది.

మేం వెళ్లేసరికి ఆఖరి పెనం దించుతున్నారు. బావకు అంకె చెప్పాను. సరే అన్నాడు. పెనం ఇద్దరు మనుషులతో మోయించి పాకం పోయించాడు. ఆఖరి పెనానికి కూడా ఆకు మీద తియ్యడం మా పద్ధతి. తీశాడు, పొయ్యి దగ్గర పెట్టి దండం పెట్టాడు. తరువాత ఆ ఆకు పట్టుకుని అత్త దగ్గరకు వచ్చాడు.

"నువ్వు సెప్పమ్మా."

మా ఇంట్లో ఆడవాళ్లు పెనం రుచి చెప్పడం నేను చూడలేదు. పరదేశి పిప్పి ఎగదొయ్యడం ఆపి నిలబడ్డాడు. అత్త కొంగుతో చెయ్యి తుడుచుకుని, చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. తొందర పడలేదు. నోట్లో అది కరిగేదాకా కొడుకు మొహం చూస్తూ నిలబడింది.

"ఇంకో పొంగు ఉంచాల్సింది" అంది.